అప్‌డేట్: ఆ ఆరు బెజ్జాల ఇనుప చేయి ఏంటో తేలింది

పాత విమాన విడిభాగాల పెట్టెలో దొరికిన ఆ బరువైన ముక్క గురించి అడిగాను కదా: ఒక చివర పెద్ద కంత, దాని చుట్టూ ఆరు చిన్న బెజ్జాలు, పక్కకి పొడుగాటి చేయి. గేర్ హబ్ అనుకున్నాను. కాదు, అది రేడియల్ ఇంజన్ (సిలిండర్లు చక్రం ఆకుల్లా చుట్టూ ఉండే పాత విమాన ఇంజన్) మాస్టర్ రాడ్, అంటే ఒక పిస్టన్‌ని క్రాంక్‌షాఫ్ట్‌కి కలుపుతూ మిగతా పిస్టన్ల రాడ్లని కూడా మోసే ప్రధాన రాడ్.

బెజ్జాలు ఆరే కాబట్టి ఆరు సిలిండర్లని లెక్కేశాను. అక్కడే బోల్తా పడ్డాను. ఆరు బెజ్జాల్లో ఆరు చిన్న రాడ్లు తగులుకుంటాయి, ఏడో సిలిండర్ రాడ్ ఈ చేయే. ఫోర్ స్ట్రోక్ (ఒక్కో సిలిండర్‌లో రెండు చుట్లకోసారి ఇంధనం పేలే) రేడియల్‌లో ఒక్కో వరసకి సిలిండర్లు బేసి సంఖ్యలోనే ఉంటాయట, ఒకటి విడిచి ఒకటి సమాన దూరంలో పేలాలి కాబట్టి.

ముక్క మీది నంబర్ అరిగిపోతుంది, గరుకు కాగితం పెట్టొద్దని మీరిచ్చిన సలహా నన్ను కాపాడింది. కిరోసిన్‌తో తుడిచి, సుద్దపొడి రుద్ది, టార్చ్ ఏటవాలుగా వేస్తే నంబర్ మెల్లగా తెల్లగా తేలింది. పార్ట్స్ కేటలాగ్‌లో ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ ఆర్-1830 ఇంజన్ దగ్గర కలిసింది. పాతకాలపు ప్రయాణికుల విమానం డీసీ-3 ఇంజన్! రెండు వరసల్లో 14 సిలిండర్లు. 1830 అంటే ఆ సిలిండర్లన్నిటి మొత్తం సామర్థ్యం ఘనపుటంగుళాల్లో, దాదాపు 30 లీటర్లు.

వరసకో మాస్టర్ రాడ్ కాబట్టి దీని జోడీ ఇంకోటి ఉండాలి. పెట్టె మళ్లీ తిరగేస్తున్నాను.