హెరిటేజ్ కమిటీ మాట సలహాగా ఉంటే చాలా, చివరి మాట కావాలా?

నాలుగురోడ్లు (చర్చ మొదలుపెట్టినవారు)

ఏ నగరం తీసుకున్నా ఇదే వరస. మెయిన్ రోడ్డు మీద వందేళ్లు దాటిన బిల్డింగు. కింద షాపులు, పైన తాళాలేసిన గదులు. హెరిటేజ్ జాబితాలో పేరుంది. ఓనరు బిల్డరుతో డెవలప్‌మెంట్ అగ్రిమెంటు రాసుకుని ప్లాన్ పెడతాడు: ముందు గోడ ముట్టుకోం, వెనక పద్దెనిమిది అంతస్తులు కడతాం అని. ఫైలు కమిటీకి వెళ్తుంది, కమిటీ కాదంటుంది. పై అధికారి "కమిటీ సలహాను పరిగణనలోకి తీసుకున్నాం" అని ఒక వాక్యం రాసి అనుమతి ఇచ్చేస్తాడు.

ముంబయిలో 1995 నియమాలతో ఏర్పడిన కమిటీ మున్సిపల్ కమిషనరుకు సలహా చెప్పేదే. ఇంగ్లండులోనూ హిస్టారిక్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ వారసత్వ సంస్థ తన అభిప్రాయం రాసి పంపుతుంది, తేల్చేది స్థానిక కౌన్సిలు. న్యూయార్కు దారి వేరు. అక్కడ 1910లో తెరిచిన పెన్ స్టేషన్‌ను 1963లో కూల్చడం మొదలుపెడితే ఆపడానికి చట్టమే లేకపోయింది. రెండేళ్లకు చట్టం వచ్చింది, దానితో ల్యాండ్‌మార్క్స్ కమిషన్ వచ్చింది. జాబితాలో ఉన్న కట్టడం జోలికి వెళ్లాలంటే ఆ కమిషన్ ఒప్పుకుని తీరాలి. ఎక్కడైనా అలాగే ఉండాలన్నది నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

స్లాబ్‌లెక్క

నేను కాదంటాను. ఆర్కిటెక్టుని, డెవలపర్లకి పని చేస్తాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

కమిటీలో కూర్చున్నవాళ్లని ఎవరూ ఎన్నుకోలేదు. వాళ్లూ మనుషులే, వాళ్లకీ అభిరుచులుంటాయి. గుమ్మటం, కమాను కనిపిస్తే ముచ్చటపడతారు, కాంక్రీటు కనిపిస్తే మొహం తిప్పుకుంటారు. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో హాల్ ఆఫ్ నేషన్స్ సంగతే చూడండి. రాజ్ రేవాల్ డిజైను, 1972 నాటిది. స్టీలు దొరకడం కష్టమైన రోజుల్లో అంత పెద్ద స్పేస్ ఫ్రేమును (కడ్డీలు అల్లినట్టు ఉండే కప్పు చట్రం) కాంక్రీటుతోనే నిలబెట్టారు. 2017 ఏప్రిల్లో రాత్రికి రాత్రి కూల్చేశారు. అక్కడి హెరిటేజ్ కమిటీ ఏమందో తెలుసా? అరవై ఏళ్లు నిండని కట్టడాలు మా లెక్కలోకి రావంది. ఆ కమిటీ మాటే చివరి మాట అనుకుంటే ఇక మొరపెట్టుకునే చోటే లేదు.

పైగా నగరం నడిబొడ్డున, బస్సూ రైలూ అందే చోట నాలుగు ఇళ్లు ఎక్కువ వస్తే తప్పేంటి? అక్కడ కట్టనివ్వకపోతే జనం ముప్పై కిలోమీటర్ల అవతలికి పోతారు. ఆ నష్టం ఏ జాబితాలోనూ ఎక్కదు.

గచ్చుపని

సలహానా, శాసనమా అన్నది తర్వాత చూద్దాం. అసలు కమిటీ ముందుకొచ్చే కాగితాల సంగతేంటి?

నేను పాత కట్టడాల రిపేర్లు చేసే ఇంజినీరుని. ఫైల్లో అన్నిటికన్నా బరువైన కాగితం స్ట్రక్చరల్ రిపోర్టు. "శిథిలావస్థలో ఉంది, ప్రాణాపాయం" అని ఒక్క లైను ఉందంటే ఏ కమిటీ అయినా జంకుతుంది, రేపు కూలితే తమ మెడకు చుట్టుకుంటుందని. మరి ఆ రిపోర్టు రాయించేదెవరు? కూల్చాలనుకుంటున్నవాళ్లే, ఫీజిచ్చి.

ఆ రిపోర్టుల్లో నాకు మాటిమాటికీ కనిపించేది ఒకటుంది: సున్నపు గోడ మీద రీబౌండ్ హామర్ కొట్టి వేసిన అంకెల పట్టిక. ఆ సుత్తి తయారైంది కాంక్రీటు కోసం, అంకెను బలంగా మార్చే లెక్కా కాంక్రీటుదే. ఇటుక, గానుగ సున్నంతో కట్టిన మూడడుగుల మందం గోడను దానితో కొడితే ఎప్పుడూ ఫెయిలే. ఆ గోడ నిలబడేది మందంతో, తన బరువుతో. ఎక్కడ ఒరిగింది, పగులు పెరుగుతోందా ఆగిపోయిందా అని చూడాలి. పగులు మీద అడ్డంగా ఒక గాజు ముక్క అతికించి తేదీ రాసి కొన్ని నెలలు వదిలేస్తే తెలిసిపోతుంది. గాజు విరిగితే గోడ కదులుతున్నట్టు. విరగలేదంటే ఆ పగులు ఏ కాలం నాటిదో, ఇప్పుడు దానివల్ల ముప్పు లేదు. ఇంత చవకైన పరీక్ష రిపోర్టుల్లో దాదాపు కనిపించదు. నెలలు ఆగే ఓపిక ఎవరికీ ఉండదు మరి.

ఇంకోటి తేమ. ఎప్పుడో ఎవరో సున్నపు గోడకి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి ఉంటారు. సున్నం తడి పీలుస్తుంది, వదిలేస్తుంది. మీద సిమెంటు ఉంటే ఆ తడి బయటికి రాలేదు. లోపల ఉప్పు పేరుకుని, ప్లాస్టరు ఉబ్బి, వెనకాల ఇటుక పొడిపొడిగా రాలుతుంది. దాన్ని ఫొటో తీసి "ఇటుకలు పూర్తిగా క్షీణించాయి" అని రాస్తారు. ఆ సిమెంటు చెక్కేసి, దెబ్బతిన్న ఇటుకలు మార్చి, మళ్లీ సున్నమే పూస్తే చాలామటుకు సర్దుకుంటుంది.

అందుకని నేను కోరేది ఇది. రిపోర్టు కమిటీయే రాయించాలి. ఫీజు దరఖాస్తుదారు కమిటీ దగ్గర కట్టాలి. మొత్తం రిపోర్టు జనానికి అందుబాటులో పెట్టాలి. ఇది జరిగితే ఉత్త సలహా కమిటీ అయినా నాకు అభ్యంతరం లేదు.

ఏడోవాటా

అందరూ గోడల గురించే మాట్లాడుతున్నారు. ఆ గోడల మధ్య ఉన్నవాళ్లం మేమూ ఒకళ్లం ఉన్నామండీ.

మా తాతగారు కట్టించిన ఇల్లు జాబితాలో ఉంది. ఇప్పుడు దానికి ఏడుగురం వాటాదారులం, సగంమంది ఊళ్లో లేరు. కింద షాపులవాళ్లు ఎప్పటివో పాత అద్దెలే ఇస్తారు, ఖాళీ చెయ్యరు. పైన మద్రాసు టెర్రస్ (టేకు దూలాల మీద ఇటుక, సున్నం వేసిన కప్పు), వానొస్తే కారుతుంది, దూలాలకి చెద పట్టింది. కప్పు రిపేరుకి పర్మిషన్ అడిగితే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి వెళ్లమంది, అక్కడివాళ్లు మళ్లీ మొదటి ఆఫీసుకే పంపారు. ఈలోగా రెండు గదుల కప్పు దిగిపోయింది. పక్కింటాయన పేరు జాబితాలో లేదు, శుభ్రంగా అయిదంతస్తులు వేసి అద్దెలు తీసుకుంటున్నాడు. పెళ్లి ఊరందరిదీ, ఖర్చు మాత్రం మా ఒక్క ఇంటిదీ అన్నట్టుంది. "కమిటీ మాటే చివరి మాట" అనేవాళ్లు చివరి బిల్లు ఎవరు కడతారో కూడా చెబితే బావుంటుంది.

నాలుగురోడ్లు

ఏడోవాటా గారూ, ఆ ప్రశ్నకి న్యూయార్కులోనే జవాబు దొరుకుతుంది. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌ను 1967లో జాబితాలో చేర్చారు. మరుసటి ఏడే దాని నెత్తిన యాభై అయిదు అంతస్తుల టవరు కడతామని ఓనరు రైల్వే కంపెనీ ప్లాన్ పెట్టింది. కమిషన్ కాదంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1978లో ఆరుగురు జడ్జీలు నగరం వైపు, ముగ్గురు కంపెనీ వైపు నిలిచారు. స్టేషనుగా దానిమీద ఆదాయం వస్తూనే ఉంది, పైగా కట్టుకోని అంతస్తుల హక్కును చుట్టుపక్కల ప్లాట్లకి బదిలీ చేసుకునే వీలుంది కాబట్టి ఆస్తి లాక్కున్నట్టు కాదన్నారు. మన దగ్గర టీడీఆర్ (అభివృద్ధి హక్కుల బదిలీ) అంటున్నది ఆ కోవదే, ముంబయి నియమాల్లోనూ ఉంది. ఇక ఆస్తి మదింపు విలువ మీద 6 శాతం రాబడి కూడా రావట్లేదని ఓనరు నిరూపిస్తే, కమిషన్ పన్ను తగ్గింపో కొనేవాళ్లో ఏదో ఒక దారి చూపాలి, లేదంటే అనుమతి ఇవ్వాలి. చివరి మాట కమిషన్‌దే అయినా ఓనర్ని గాలికి వదిలెయ్యలేదు.

ఏడోవాటా

టీడీఆర్ చేతికి కాగితం ఇస్తుంది సార్, డబ్బు కాదు. ఎవరో కొనాలి. ప్రభుత్వం ఫీజు కట్టించుకుని అదనపు అంతస్తులు నేరుగా అమ్ముతుంటే నా కాగితం ఎవరు కొంటారు? గ్రాండ్ సెంట్రల్ ఎక్కడ, కారే కప్పున్న మా ఇల్లెక్కడ.

అమెరికా సంగతి ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. అక్కడ ఆదాయం తెచ్చే పాత కట్టడాన్ని పద్ధతిగా బాగుచేయిస్తే ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్నులో తగ్గిస్తారు. అది చేతికొచ్చే డబ్బు. ముందు అలాంటిది పెట్టి, తర్వాత కమిటీకి ఎన్ని కోరలైనా ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు.

స్లాబ్‌లెక్క

అందుకే ముందు గోడ ఉంచి వెనక కట్టుకునే పద్ధతి వచ్చింది. ఓనరుకి డబ్బు, వీధికి పాత మొహం. ఇద్దరికీ సరిపోతుంది కదా, దీన్నీ ఎందుకు తప్పుపడతారు?

గచ్చుపని

ఆ సైటులో నిలబడి చూస్తే తెలుస్తుంది. పాత బిల్డింగులో ఒక్కో అంతస్తు పద్నాలుగడుగులు, పదహారడుగులు ఉంటుంది. కొత్త టవరుకి పదడుగులు. రెండూ ఎక్కడా కలవవు. దాంతో కొత్త స్లాబు అంచు పాత కిటికీకి సరిగ్గా నడుమ అడ్డంగా వస్తుంది. రోడ్డు మీంచి తలెత్తితే అర్ధచంద్రాకారపు కిటికీ, దాని వెనక కాంక్రీటు పట్టీ, ఆ పైన ఎవరిదో ఏసీ. లోపలి మెట్లు, దూలాలు, నడవా, వెనకవైపు బావి, అన్నీ పోతాయి. తనంతట తాను నిలబడ్డ గోడను స్టీలు ఫ్రేముకి వేలాడదీస్తారు.

అన్ని చోట్లా వద్దనను. లోపలంతా ఎప్పుడో మార్చేసి, నిజంగా మొహం ఒక్కటే మిగిలిన కట్టడమైతే సరే. లోపల ఏముందో చూడకుండా ఒప్పుకోవడమే నాకు మింగుడుపడదు. చాలా ఫైళ్లలో లోపలి ఫొటోలే ఉండవు.

మాడరేటర్

"బిల్డర్ల ఏజెంటు", "మ్యూజియం పిచ్చోళ్లు" అన్న రెండు కామెంట్లు తీసేశాను. వాదించండి, తిట్టుకోవద్దు.

రికార్డురూము

చట్టం వైపు నుంచి ఒక మాట. ఓనరు ప్రభుత్వమే అయితే ఏం చేస్తారో ఎవరూ ఎత్తలేదు. అప్పుడు అడిగేదీ ఇచ్చేదీ ఒకరే. హైదరాబాదులో ఎర్రమంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలని 2019 జూన్‌లో కేబినెట్ తీర్మానించింది. అంతకుముందే, 2015 డిసెంబర్లో, హెరిటేజ్ కట్టడాలకి రక్షణగా ఉన్న పదమూడో రెగ్యులేషన్‌ను ఎత్తేశారు. అయినా 2019 సెప్టెంబరు 16న హైకోర్టు కేబినెట్ నిర్ణయాన్ని కొట్టేసింది. చట్టం చెప్పిన దారిలో నడవలేదన్నది ఆ తీర్పులో ముఖ్యమైన అంశం. ఉస్మానియా ఆసుపత్రి పాత బ్లాకుదీ దాదాపు ఇదే కథ. 2020 జులైలో వార్డుల్లోకి వాన నీళ్లొచ్చి రోగుల్ని తరలించారు. కూల్చాలా, ఉంచాలా అన్న గొడవ ఏళ్ల తరబడి కోర్టులో నడిచింది. చివరికి కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన చేశారు. అంటే ఇంకో స్థలం ఉంది. పాతదాన్ని కూల్చక తప్పదని వాదించేటప్పుడు ప్రత్యామ్నాయ స్థలం ప్రశ్న మొదటి రోజే, మొదటి పేజీలోనే రావాలి.

మంత్రి చేతిలో చివరి మాట పెట్టినా ఒరిగేదేమీ లేదు. లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీటులో మార్క్స్ అండ్ స్పెన్సర్ తన పాత షాపును కూల్చి కొత్తది కడతానంది. అది లిస్టెడ్ కట్టడం కూడా కాదు, గొడవంతా కూల్చి కట్టడం వల్ల వచ్చే కార్బన్ మీద, చుట్టుపక్కల పాత కట్టడాల మీద. 2023 జులైలో మంత్రి కాదన్నాడు, 2024 మార్చిలో కోర్టు ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టింది, డిసెంబర్లో కొత్త ప్రభుత్వం ఔనంది. షాపు అదే, ప్లానూ అదే.

ఇంగ్లండు నుంచి తెచ్చుకోదగ్గది వేరే ఉంది. కావాలని పాడుపెట్టిన కట్టడమని ఆధారముంటే, దాని శిథిల స్థితిని నిర్ణయంలో లెక్కలోకి తీసుకోకూడదని వాళ్ల ప్లానింగ్ విధానంలోనే రాసుకున్నారు. పెంకులు తీయించేసి, రెండు వానాకాలాలు తడవనిచ్చి, "కూలిపోయేలా ఉంది" అని వచ్చేవాళ్లకి ఆ ఒక్క వాక్యంతో దారి మూసుకుపోతుంది.

ఏడోవాటా

కావాలని పాడుపెట్టడానికీ, గతిలేక పాడవడానికీ తేడా ఎవరు తేలుస్తారు? నా కప్పు రెండో రకం. ఫైలు చూసేవాడికి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి.

రికార్డురూము

రిపేరుకి పెట్టుకున్న అర్జీ తేదీ తేలుస్తుంది. మీరు ముందే అడిగారు, వాళ్లు ఇవ్వలేదు. ఆ రసీదు భద్రంగా ఉంచుకోండి. అసలు రిపేరు అర్జీలకి గడువు పెట్టాలి: అరవై రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క అని. కమిటీ మాటను కాదనే అధికారి కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ ఉత్తర్వు బయటపెట్టిన నాటి నుంచి అప్పీలు గడువు ముగిసేదాకా గడ్డపార తగలకూడదు. ఇలా ఉంటే సలహా కమిటీకే పళ్లొస్తాయి.

నాలుగురోడ్లు

కారణాలు రాయడం వాళ్లకి ఎంతసేపు పని? ఒక నమూనా తయారుచేసుకుని పేరు మార్చి అతికిస్తారు. జాబితాలో అన్నిటికన్నా ముఖ్యమైనవిగా గుర్తించిన మొదటి శ్రేణి కట్టడాల వరకైనా కమిటీ కాదంటే కాదనే ఉండాలి. కింది శ్రేణులకి మీ పద్ధతి పెట్టుకోండి.

స్లాబ్‌లెక్క

మొదటి శ్రేణి వరకు నేనూ ఒప్పుకుంటాను. అక్కడికి ప్లాన్ పట్టుకెళ్లే డెవలపర్లు కూడా తక్కువే. అయితే అరవై రోజుల గడువు రిపేర్లకేనా, రీడెవలప్‌మెంటుకి వద్దా? మా క్లయింట్లు స్థలం మీద నెలనెలా వడ్డీ కడుతుంటారు.

గచ్చుపని

కూల్చివేతకి వద్దు. కప్పు రిపేరు ఆలస్యమైతే గది పోతుంది, అందుకే అక్కడ గడువు కావాలి. కూల్చాక కమిటీ నిద్రలేచి ఏం లాభం? అగ్రిమెంటు రాసుకున్నాక, డ్రాయింగులన్నీ అయిపోయాక కమిటీకి వెళ్లే బదులు స్థలం బేరమాడకముందే వెళ్లి ఏం ఉంచాలో, ఎంత ఎత్తు వరకు పర్లేదో అడిగితే మీ వడ్డీ కూడా తగ్గుతుంది.

స్లాబ్‌లెక్క

బేరం తెగకముందు వెళ్తే సంగతి ఊరంతా తెలిసి రేటు పెరుగుతుందండీ. సరే, ఇది చెప్పండి: ఏడోవాటా గారి ఇంట్లో దూలాలన్నీ తీసి స్టీలు సెక్షన్లు వేసి కొత్త స్లాబు పోస్తే అది రిపేరా, రీడెవలప్‌మెంటా? మీ అరవై రోజుల్లోకి వస్తుందా రాదా?

గచ్చుపని

రాదు. చెదపట్టిన దూలాన్ని మరో టేకు దూలంతో మార్చి, పైన అదే ఇటుక, అదే సున్నం వేస్తే వస్తుంది. స్లాబు పోస్తే గోడల మీద పడే బరువే మారిపోతుంది, దానికి పూర్తి పరిశీలన కావాలి. ఏడోవాటా గారూ, చెద దూలం చివర్లకే పట్టిందా, నడుమ దాకా వచ్చిందా? చివర్లకే అయితే ఆ మేరకు కోసి కొత్త ముక్క అతకొచ్చు. దూలం మొత్తం మార్చేకన్నా ఖర్చు తగ్గుతుంది. ఫొటోలుంటే పెట్టండి.