మొదటి మూడు వెబ్‌సైట్లు, మూడు రకాల క్లయింట్లు: పని ఎక్కడ మొదలెట్టాలి?

గోదారిగట్టు (పాలకొల్లు)
నమస్కారమండి. ఒకే నెలలో మూడు సైట్లు ఒప్పుకున్నాను: కడియంలో నర్సరీ, ఆత్రేయపురంలో పూతరేకుల తయారీ, భీమవరంలో రొయ్యల మేత దుకాణం. కోడ్ రాయడం వచ్చు, పని నడిపించడమే కొత్త. ముగ్గురూ "బాగా చేసిపెట్టండి, ఎంతవుద్దో చెప్పండి" అన్నారు తప్ప ఏం కావాలో చెప్పలేదు. ఒకే టెంప్లేట్ మీద మూడూ కట్టేయొచ్చా? పూతరేకులది సంక్రాంతికి ముందే రావాలట. మేత దుకాణానికి పాత సైటు, ఆ పేరుతోనే ఈమెయిలూ ఉన్నాయి.

లంకమనిషి
టెంప్లేట్ ఒకటే అయినా పర్లేదండి, ప్లాను మాత్రం మూడు వేయాలి. సైటు తెరిచినవాడు మొదట చేసే పని ఏంటో ఒక్కో క్లయింటునీ అడిగి, ఒక్క వాక్యంలో రాసుకోండి. మిగతాదంతా దాన్నుంచే వస్తుంది.

నర్సరీకి కార్ట్ పెట్టకండి. అక్కడ కొనేవాళ్ళలో ఎక్కువమంది లోడు లెక్కన అడుగుతారు, రేటు ఫోన్లోనే తేలుతుంది. ప్రతి మొక్కకీ ఫొటో, బ్యాగు సైజు అంగుళాల్లో, ఎత్తు అడుగుల్లో, కనీసం ఎన్ని తీసుకోవాలి, కింద వాట్సాప్ బటన్. పేరు రెండు రకాలుగా రాయండి. పొగడ అంటే మనకి తెలుసు, బయటి రాష్ట్రం వాళ్ళు మిముసాప్స్ అని వెతుకుతారు. ముందు 40 మొక్కలతో వదలండి. మొత్తం జాబితా వచ్చేదాకా ఆగితే ఆ సైటు ఎప్పటికీ రాదు.

పూతరేకులకి ఆన్‌లైన్ చెల్లింపు కావాలి కాబట్టి గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే సేవ) వాళ్ళ కేవైసీ, అంటే గుర్తింపు పత్రాల తనిఖీ, మొదటి రోజే మొదలెట్టించండి. పాన్, బ్యాంకు ఖాతాతో పాటు రిఫండ్, డెలివరీ, ప్రైవసీ పేజీలు సైట్లో ఉన్నాయా అని కూడా చూస్తారు. ఆలస్యం ఎక్కువగా అక్కడే. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు, బరువు, పంచదారా బెల్లమా, నిల్వ ఎన్నాళ్ళు, దారిలో విరిగితే ఏం చేస్తారు, ఇవన్నీ రాయించాలి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది గానీ, ఆ గుర్తు పెట్టాలంటే మీ క్లయింటు అధీకృత వాడుకరిగా నమోదై ఉండాలి. పత్రం చూసే పెట్టండి. పండక్కి కనీసం మూడు వారాల ముందు సైటు తెరవాలి. ఆఖరి వారంలో వాళ్ళు పొయ్యి దగ్గరుంటారు, మీ ఫోను ఎత్తరు.

మేత దుకాణం వాళ్ళు రోజూ రొయ్యల కౌంటు ధర (కిలోకి ఎన్ని తూగుతాయో దాన్నిబట్టి ఉండే రేటు) పెట్టమని అడుగుతారు. ఎవరు, ఏ పూట, ఏ ఫోన్లోంచి మారుస్తారో తేల్చాకే ఒప్పుకోండి. ధర పక్కన తేదీ తప్పనిసరి. రెండు రోజులు దాటితే ఆ పెట్టె దానంతటదే మాయమయ్యేలా రాయండి. నాలుగు రోజుల కిందటి 50 కౌంటు ధర చూసి రైతు బేరానికి దిగితే ఆ దుకాణం మాట పోతుంది.

అక్షరాలపెట్టె
పై మాటకి తోడు తెలుగు సంగతి. క్లయింటు ఇచ్చే కరపత్రం చాలాసార్లు అను ఫాంట్‌లో ఉంటుంది. పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ కాదు. కన్వర్టర్‌తో మార్చినా వత్తులు, అంకెలు చెడతాయి కాబట్టి ప్రతి లైనూ చదవాలి. ఈ పనికి ప్లానులో ఒక రోజు కేటాయించండి. లైన్ హైట్ (లైన్ల మధ్య ఎడం) 1.7 దగ్గర పెట్టండి, తక్కువైతే పై లైను వత్తులు కింది గుడులకి తగులుతాయి. లెటర్ స్పేసింగ్ సున్నా. ఇటాలిక్ వద్దు, చాలా తెలుగు ఫాంట్లలో అది ఉండదు, బ్రౌజరు అక్షరాన్ని ఊరికే వంచుతుంది.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంటుగా పంపమనండి. 1600 పిక్సెళ్ళ వెడల్పుకి తగ్గించి వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో ఫార్మాట్‌లో పెడితే చాలు.

రేవుపడవ
డబ్బు విషయం: 40 శాతం అడ్వాన్సు, డిజైన్ ఒప్పుకున్నాక 40, సైటు తెరిచే ముందు 20. పేజీలు ఎన్ని, సవరణలు ఎన్ని విడతలు (రెండు చాలు), మ్యాటరు (సైట్లో పెట్టే రాత, ఫొటోలు) ఏ తేదీకి ఇవ్వాలి, అన్నీ కాగితం మీద ఉండాలి. మ్యాటరు ఆలస్యమైనన్ని రోజులు గడువూ జరుగుతుందని రాయండి. సరే అనే మనిషి ఒక్కరే ఉండాలి. అన్నదమ్ములిద్దరి వ్యాపారమైతే ఎవరి మాట చివరిదో ముందే అడగండి. డొమైన్ క్లయింటు పేరు మీద, వాళ్ళ ఈమెయిలు, వాళ్ళ ఫోను నంబరుతోనే కొనాలి.

పాత సైటు ఉన్నచోట ముందు డీఎన్ఎస్ రికార్డులన్నీ (డొమైన్ పేరు ఏ సర్వరుకి వెళ్ళాలో చెప్పేవి) కాపీ చేసుకోండి. ఎమ్ఎక్స్, అంటే మెయిళ్ళు ఎక్కడికి చేరాలో చెప్పే రికార్డు, ఎటు చూపిస్తోంది?

గోదారిగట్టు
ఇప్పుడే చూశానండి. డొమైన్ పేరుకే చూపిస్తోంది.

రేవుపడవ
అయితే జాగ్రత్త. ఎ రికార్డు (పేరుని సర్వరు ఐపీకి కలిపేది) కొత్త సర్వరుకి మార్చినప్పటి నుంచి మెయిళ్ళూ అటే పోతాయి, అక్కడ పెట్టెలుండవు. ముందు మెయిల్ అనే సబ్‌డొమైన్‌కి పాత సర్వరు ఐపీతో ఎ రికార్డు ఉందో లేదో చూడండి, లేకపోతే పెట్టండి. ఎమ్ఎక్స్‌ని దానికి తిప్పండి. టీటీఎల్ (పాత రికార్డుని మిగతా సర్వర్లు ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పేది) 300కి తగ్గించి ఒక రోజు ఆగండి. బయటి మెయిలు నుంచి ఒకటి పంపి, చేరిందని చూశాకే ప్రధాన ఎ రికార్డు మార్చండి. ఎస్‌పీఎఫ్‌లో (ఈ పేరుతో మెయిలు పంపొచ్చని ఒప్పుకున్న సర్వర్ల జాబితా) పాత ఐపీ పోకుండా చూసుకోండి. మెయిల్ అక్కడున్నంత కాలం పాత హోస్టింగు ఆపకూడదు.