జాతి వివక్షతో కుంగిన తమ్ముడికి ఎలాంటి సాయం అందాలి?

ప్రశ్న (టెక్కలి):
మా తమ్ముడు ఇంగ్లండులో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. బస్సులో ఒకసారి, తాను పనిచేసే దుకాణంలో రెండుసార్లు ఒంటి రంగునూ దేశాన్నీ పట్టి తిట్టారట. మూడు నెలలైనా వాడికి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, బస్సు మానేసి చుట్టుదారిలో నడిచి వెళ్తున్నాడు. అక్కడ కౌన్సెలరును కలిస్తే, వాళ్లు నిజంగా ఆ ఉద్దేశంతోనే అన్నారా, నువ్వే అలా అనుకున్నావా అని అడిగారట, మళ్లీ వెళ్లలేదు. ఇంటికి రమ్మంటే నాన్నగారు చేసిన అప్పు గుర్తుచేస్తాడు. ఇది మానసిక వ్యాధేనా?

జవాబు (విజయనగరం):
నేను మానసిక వైద్య విభాగంలో నర్సును. మనిషిని చూడకుండా వ్యాధి పేరు పెట్టడం సరికాదు గానీ, మళ్లీ ఎవరు ఎప్పుడు ఏమంటారో తెలియని స్థితిలో శరీరం రోజంతా కాపలా కాస్తూనే ఉంటుంది కాబట్టి నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతినడం సహజమే. పైకి చిన్నవిగా కనిపించే ఇలాంటి అవమానాలకే 1970లో అమెరికా మానసిక వైద్యుడు చెస్టర్ పియర్స్ ‘మైక్రో అగ్రెషన్’ అని పేరు పెట్టారు. ఆ కౌన్సెలరు ప్రశ్న మొదటి గాయం మీద రెండోది. జరిగినదాన్ని నమ్మిన తర్వాతే చికిత్స మొదలవుతుంది. ఇంగ్లండులో జీపీ (స్థానిక కుటుంబ వైద్యుడు) దగ్గర నమోదైనవారు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ అందించే ‘ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్’ అనే మాటల చికిత్సకు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు, రుసుము ఉండదు, దుబాసీని కూడా అడగవచ్చు. చనిపోవాలన్న మాట వస్తే మాత్రం వెంటనే అక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయమనండి.

జవాబు (మందస):
నేను సవర గిరిజనుణ్ణి, ఉపాధ్యాయుణ్ణి. ఇది పరాయి దేశపు జబ్బని అనుకోకండి. డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నా తెలుగు యాసను వెక్కిరిస్తూ ‘కొండోడు’ అని పిలిచేవారు. ఆ పిలుపు కన్నా, నవ్వులాటకు అన్నారులే అని వార్డెన్ తేల్చేయడమే నన్ను ఎక్కువ కాలం బాధించింది. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కులం, మతం, సంస్కృతి వంటి భేదాలు చూపకుండా వైద్యం అందాలంటుంది, కానీ నమ్మి వినడాన్ని ఏ సెక్షనూ నేర్పలేదు. మీ ఇంట్లోవాళ్లకూ దిగులుగానే ఉంటుంది కదా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
నిన్న రాత్రి మాట్లాడాను. సలహాలేవీ చెప్పకుండా, నువ్వు చెప్పినదంతా నమ్ముతున్నానని మాత్రమే అన్నాను, చాలాసేపు ఏడ్చాడు. ఇంగ్లీషు బాగానే వచ్చు, దుబాసీ ఎందుకని మొదట అన్నాడు గానీ, ‘చిన్నబుచ్చడం’ అన్నదాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక, దరఖాస్తులో దుబాసీ కావాలనే రాస్తానన్నాడు.