ఆర్కిమెడీస్ తన యంత్రాలను చులకనగా చూశాడా?

చర్చ ప్రారంభించినవారు:
క్రీ.పూ. 212లో సిసిలీ ద్వీపంలోని గ్రీకు నగరం సిరక్యూస్ రోమన్ సేనాని మార్సెలస్ వశమయ్యేదాకా ఆ నగరానికి అండగా నిలిచినవి గ్రీకు గణితవేత్త ఆర్కిమెడీస్ యంత్రాలే. అయినా వాటి గురించి ఆయన గ్రంథమేదీ రాయలేదనీ, నిత్యావసరాలకు పనికివచ్చే విద్యలన్నిటినీ హీనంగా భావించాడనీ గ్రీకు జీవితచరిత్రకారుడు ప్లూటార్క్ చెప్పాడు. తన సమాధిపై గోళాన్నీ, దాన్ని ఇముడ్చుకున్న స్థూపాన్నీ (సిలిండర్‌ను) ఉంచమన్నాడే తప్ప యంత్రాన్ని కోరలేదు. అందువల్ల ప్లూటార్క్ మాట సరైనదేనని నా అభిప్రాయం.

రెండవ సభ్యులు:
నేను అంగీకరించలేను. ప్లూటార్క్ మూడు శతాబ్దాల తరువాతివాడు, పైగా ప్లేటో మార్గాన్ని అనుసరించినవాడు. చేతిపనిని జ్ఞానం కంటే తక్కువగా ఎంచడం ఆ మార్గానికి సహజం. ఆర్కిమెడీస్ స్వయంగా రాసినదాన్నే చూద్దాం. విశ్వాన్ని నింపడానికి ఎన్ని ఇసుక రేణువులు కావాలో లెక్కించిన గ్రంథంలో, ఆయన ఉదయించే సూర్యుడి వైపు పొడవాటి బద్దను అమర్చి, దానిపై చిన్న స్థూపాన్ని నిలిపి, దాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ, కంటిపాప బిందువు కాదు కాబట్టి దాని వెడల్పు వల్ల కలిగే దోషాన్ని కూడా సవరించి, సూర్యబింబపు కోణం లంబకోణంలో 1/200వ వంతు కంటే ఎక్కువ, 1/164వ వంతు కంటే తక్కువ అని తేల్చాడు. పరికరాలంటే చిన్నచూపు ఉన్నవాడు కంటిపాప గురించి ఇంత పట్టించుకుంటాడా?

ఇక 1906లో కాన్‌స్టాంటినోపుల్‌లో (నేటి ఇస్తాంబుల్) డెన్మార్క్ పండితుడు హైబర్గ్ గుర్తించిన గ్రంథం ఉంది. పాత రాతను చెరిపివేసి, ఆ తోలు పుటలపైనే ప్రార్థనలు రాసుకున్న పుస్తకం అది. అందులో ఆర్కిమెడీస్ అలెగ్జాండ్రియా పండితుడు ఎరటోస్తనీస్‌కు లేఖ రూపంలో తన రహస్యం విప్పి చెప్పాడు: ఆకారాలను సన్నని ముక్కలుగా ఊహించి త్రాసులో తూచినట్లు తూచడం వల్లనే, పరావలయ ఖండం (పరావలయాన్ని ఒక సరళరేఖ ఖండించగా ఏర్పడే భాగం) వైశాల్యం, దాని ఆధారం, ఎత్తులే కలిగిన త్రిభుజానికి 4/3 రెట్లని ఆయనకు మొదట తోచింది.

మూడవ సభ్యులు:
ఆ త్రాసు ఊహలోనిది. కోటగోడపై బిగించిన యంత్రం కాదు. పైగా ఆ పద్ధతిలో తోచినదాన్ని రేఖాగణితంతో మళ్ళీ నిరూపించాలని ఆ లేఖలోనే ఉంది. యంత్రశాస్త్రం ఆయనకు దారి చూపింది, ప్రమాణం మాత్రం కాలేదు.

రెండవ సభ్యులు:
ఆ తేడాను ఒప్పుకుంటాను. అయితే ఆకాశగోళాల నమూనాల నిర్మాణంపై ఆయన ఒక గ్రంథం రాశాడని తరువాతి కాలపు గ్రీకు గణితవేత్త పాపస్ పేర్కొన్నాడు. గ్రహగతులను చూపే ఆర్కిమెడీస్ గోళాన్ని మార్సెలస్ రోముకు తీసుకువెళ్ళాడని రోమన్ రచయిత, రాజకీయవేత్త సిసిరో రాశాడు. కాబట్టి గ్రంథమేదీ రాయలేదన్న మాట నిలవదు.

చర్చ ప్రారంభించినవారు:
ఆ అంశంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే పాపస్ చెప్పిన ప్రకారం కూడా యంత్రనిర్మాణంపై ఉన్నది ఆ ఒక్క పుస్తకమే. సమాధికి ప్లూటార్క్ ఒక్కడే సాక్షి కాదు, క్రీ.పూ. 75లో సిసిరో సిరక్యూస్‌లో ముళ్ళపొదల మధ్య ఆ గోళాన్నీ స్థూపాన్నీ చూసి సమాధిని గుర్తుపట్టాడు. ఆర్కిమెడీస్ యంత్రాలను హీనంగా చూశాడని ఇకపై అనను; గణితాన్నే ఎక్కువగా ప్రేమించాడని మాత్రం ఇప్పటికీ అంటాను.