పాపకి పనసచెక్క వీణే కొనాలా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ):
మా పాప వీణ క్లాసుకి వెళ్తోంది. ఒకే పనస దుంగలో తొలిచే బొబ్బిలి ఏకాండి వీణ మా బడ్జెట్‌కి అందేలా లేదు. మాది అద్దె ఇల్లు, బీచ్‌కి దగ్గర, మూడో అంతస్తు. కుండ (గుండ్రటి భాగం) ఫైబర్‌తో చేసిన ఎలక్ట్రానిక్ వీణ నేర్చుకోడానికి పనికొస్తుందా? టీచర్ గారిని అడగాలంటే మొహమాటం.

జవాబు:
నిక్షేపంగా పనికొస్తుందండీ, నేను వాయించేది అదే. మామూలు వీణలో 24 మెట్లూ (తీగల కింద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు) మైనంలో కూర్చుతారు. మన వైజాగ్ మే నెల ఉక్కకి మైనం మెత్తబడి మెట్టు కాస్త జరిగిందా, స్వరం తప్పుతుంది. మళ్లీ మేళం కట్టించాల్సిందే, అంటే మెట్లన్నీ మైనంలో సరిగ్గా కూర్పించాల్సిందే! నా దాంట్లో మెట్లు స్క్రూతో నేనే సర్దుకుంటా. దండి (మెట్లుండే పొడవాటి భాగం) విడదీస్తే కారు డిక్కీలో పట్టేస్తుంది. గమకానికి, అంటే స్వరాన్ని ఊపడానికి, తీగ పక్కకి లాగితే వేలికి తేడా పెద్దగా తెలీదు. పనసచెక్క నాదం మాత్రం స్పీకర్లోంచి రాదు, ఆశ పెట్టుకోకండి.

ఇంకో జవాబు:
సెకండ్‌హ్యాండ్ అతుకు వీణ కూడా చూడండి మేడమ్. ముక్కలు కలిపి చేస్తారు కాబట్టి ఏకాండి కంటే చవక. శ్రుతి కోసం తంబూరాకి డబ్బు తగలెయ్యకండి, ఫోన్ యాప్ చాలు.

ప్రశ్న వేసినామె:
థాంక్సండీ. కరెంటు పోతే మోగదా మరి?

మొదటి జవాబు ఇచ్చినాయన:
బ్యాటరీవి ఉన్నాయి. ఆంప్లిఫయర్ ఆపేసినా సన్నగా వినిపిస్తుంది. రాత్రిపూట సాధనకి పక్కింటివాళ్లతో గొడవుండదు.