సమస్యాపూరణం: "కదలకున్నవాడు కడకు గెలిచె"

ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. పందెంలో కదలనివాడు ఎలా గెలుస్తాడు? ఆ చిక్కు విప్పాలి, అదీ సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత డెస్క్‌టాప్‌కి డ్రైవు (డేటా దాచే పరికరం) మార్చే సందర్భంలోనే. ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలపడం) చెల్లుతుంది. ఇంగ్లీషు మాటలు వాడుకోండి, కానీ సాంకేతిక విషయం తప్పితే గణాలు కుదిరినా ఒప్పుకోను.

మొదటి పూరణ

పాత పెట్టెలోన పళ్ళెము తిరుగుచు
వెదకి వెదకి యలసి వెనుకబడెను
చక్రమేది లేక చప్పుడే లేకుండ
కదలకున్నవాడు కడకు గెలిచె

– చాలా బాగుంది. "వెదకి వెదకి" అన్నచోటే అసలు సంగతంతా ఉంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కుకి ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది, కావలసిన చోటు డేటా చదివే హెడ్డు కిందికి రావడానికి సగటున అందులో సగం, హెడ్డు జరగడానికి పట్టే సమయం అదనం, అన్నీ కలిపితే పది దాటుతుంది, తిరిగే భాగాలేవీ లేకుండా చిప్పుల్లోనే డేటా దాచే ఎస్సెస్‌డీకి అదే పని 0.1 దగ్గర అయిపోతుంది. మూడో పాదంలో "లేక, లేకుండ" రెండూ ఎందుకండీ? ఒకటి తీసేస్తే ఇంకో మంచి మాటకి చోటు దొరుకుతుంది.

రెండో పూరణ

సాట రెండు దారి సగమె యైనను గాని
హార్డు డిస్కు దాని నందుకొనదు
చిన్న చిన్న ఫైళ్ళ చిట్టా వెదకునాడు
కదలకున్నవాడు కడకు గెలిచె

– నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. "మాది పాత బోర్డు, సాటా 2 పోర్టులే (డ్రైవు తగిలించే పాతరకం, 3 గిగాబిట్ల పోర్టులు) ఉన్నాయి, ఎస్సెస్‌డీ పెట్టినా దండగ" అని వెనక్కి తగ్గేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి సూటిగా తగిలే జవాబు ఇది. 6 గిగాబిట్ల పోర్టులో సెకనుకి 550 ఎంబీ దాకా ఇచ్చే డ్రైవు 3 గిగాబిట్ల పోర్టులో 280 దరిదాపుల్లో ఆగుతుంది, నిజమే. కానీ చెల్లాచెదురుగా ఉన్న 4 కేబీ ముక్కలు చదవమంటే హార్డ్ డిస్కు ఒక్క ఎంబీ కూడా అందించలేదు, విండోస్ మొదలయ్యేటప్పుడు జరిగేది ఎక్కువగా ఆ పనే.

మూడో పూరణ

నకలు తీయువేళ నమ్మక యొకడేమొ
తొందరపడి వైరు లాగివేసె
చేతులదిమి పట్టి చివరి శాతము దాక
కదలకున్నవాడు కడకు గెలిచె

– గెలిచినవాడు డ్రైవు కాదు, మనిషి! ఈ మలుపు నేను ఊహించలేదు. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది, "తొం"కి "లా" చెల్లదు. "తొందరపడి వైరు తొలగదీసె" అంటే సరిపోతుంది.

– క్లోన్ (డిస్కు మొత్తానికి నకలు) మొదలుపెట్టే ముందు పాత డిస్కు స్మార్ట్ రిపోర్టు (తన ఆరోగ్యం గురించి డిస్కు తానే ఇచ్చే లెక్క) చూడమని కూడా చెప్పండి. పెండింగ్ సెక్టార్లు (సరిగా చదవలేక డిస్కు అనుమానించే చోట్లు) ఉంటే ముందు ముఖ్యమైన ఫైళ్ళు వేరేచోట దాచుకోవాలి. క్లోన్ అయ్యాక మొదటిసారి బూట్ చేసేటప్పుడు పాతదాని కేబుల్ తీసి ఉంచండి, రెండిటికీ ఒకే డిస్క్ సిగ్నేచర్ (విండోస్ డిస్కుని గుర్తుపట్టే నంబరు) ఉంటే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేస్తుంది.

నాలుగో పూరణ

ఎన్వియెమ్మి తెచ్చి యే స్లాటులోనైన
పాత బోర్డు మీద పట్టగానె
బూటు చేసెనంట బుల్లెట్టు వేగాన
కదలకున్నవాడు కడకు గెలిచె

– గణాలు, యతి అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. విషయమే తప్పు. యూఈఎఫ్‌ఐ లేని పాత బయాస్‌కి (కంప్యూటర్‌ని మొదట లేపే బోర్డులోని ప్రోగ్రామ్ బయాస్, దాని కొత్త రూపం యూఈఎఫ్‌ఐ) ఎన్‌వీఎమ్ఈ డ్రైవు (సాటా బదులు పీసీఐఈ దారిలో నడిచే ఎస్సెస్‌డీ) అంటే ఏమిటో తెలియదు, అడాప్టర్‌లో పెట్టి స్లాట్‌లో బిగిస్తే సిస్టమ్ లేచాక కనిపిస్తుందేమో గానీ దాని నుంచి నేరుగా బూట్ కాదు. ఇది చదివి ఎవరైనా కొనుక్కుంటే డబ్బులు వృథా.

– సరే గురువుగారూ, మూడో పాదం ఇలా మార్చాను:

బూటు కాకపోయె, పోనిమ్ము, డేటాకు

– భేష్! "బూ"కి "పో" యతి కూడా కుదిరింది. అయితే "యే స్లాటులోనైన" అన్నది ఇంకా ఒప్పుకోను. పీసీఐఈ 2.0 ఎక్స్1 స్లాట్‌లో (పాత బోర్డుల మీది ఒకే దారి ఉన్న చిన్న స్లాట్) సెకనుకి 500 ఎంబీ మించదు, దానికన్నా మామూలు సాటా డ్రైవు కొనుక్కోవడమే మంచిది.

బయాస్‌లో సాటా పోర్టులు నడిచే తీరుని పాత ఐడీఈ మోడ్ నుంచి కొత్త ఏహెచ్‌సీఐకి మార్చడం గురించి ఇంకా ఎవరూ రాయలేదు. విండోస్ వేసేముందే మార్చాలి, వేశాక మారిస్తే బ్లూ స్క్రీన్ వచ్చి విండోస్ ఆగిపోయే అవకాశం ఉంది. దానిమీద ఒక ఆటవెలది కావాలి, ఎవరు రాస్తారు?