నత్తలు మూత తెరవట్లేదు, ఉప్పు తక్కువైందా?

గోపాల్‌పూర్_గుల్ల: వానలయ్యాక గోపాల్‌పూర్ ఒడ్డున ఏరిన తొమ్మిది నత్తల్ని ట్యాంకులో వేశాను. మూడు రోజులుగా మూత బిగించుకుని అడుగున పడున్నాయి. నీళ్లలో ఉప్పు కొలిచే హైడ్రోమీటర్ 1.018 చూపిస్తోంది. ఎంతకి పెంచాలి? తిండేం పెట్టాలి?

బరంపురం_బావ: 1.018 అంటే వెయ్యి పాళ్ల నీటికి సుమారు 24 పాళ్ల ఉప్పు. నడిసముద్రంలో 35. నత్త ఒంట్లో ఉప్పు బయటి నీటిని బట్టే ఉంటుంది. నీళ్లు పలచబడితే ఒళ్లు ఉబ్బుతుంది, అందుకే తలుపేసుకుంటుంది. రోజుకి 0.001 చొప్పున పెంచు. తొందరపడి నేను ఏడింటిని చంపాను.

హుమ్మా_మనవడు: మా తాత హుమ్మా ఉప్పు మడుల్లో పనిచేశాడు, ఉప్పు గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు. గుప్పెడు కళ్లుప్పు వెయ్యి, అయిపోద్ది.

బరంపురం_బావ: ఆ ఏడూ అలాగే పోయాయి! మడిలో ఉప్పు గడ్డకట్టేలోపే కాల్షియం చాలావరకు జిప్సమై దిగిపోతుంది. మెగ్నీషియమేమో ఉప్పు తీశాక మిగిలే చేదు నీళ్లలో ఉండిపోతుంది. ఆ నీళ్లు మీ తాత పారబోసేవాడా, లేదా? పెంకు దేంతో కడుతుంది మరి?

హుమ్మా_మనవడు: తాత జోలికి రాకు. నువ్వు చదివింది, ఆయన కాళ్లు పగిలేలా తొక్కింది ఒకటి కాదు.

రంభ_పడవ: మీ ట్యాంకులు సరే, చిల్కా సరస్సులో 2000 సెప్టెంబరులో సముద్రంలోకి కొత్త మొగ తెరిచాక చేపలు, పీతలు మళ్లీ పెరిగాయి. వానాకాలంలో ఉత్తరం వైపు దాదాపు మంచినీళ్లే, మా రంభ వైపు అంతలా మారదు.

బరంపురం_బావ: చిల్కా గురించి ఎవరడిగారు గురూ?

సోనాపూర్_వల: హైడ్రోమీటర్ ముల్లుకి బుడగలు అంటుకున్నాయేమో చూడు. ఉంటే ఎక్కువ చూపిస్తుంది, అసలు ఉప్పు ఇంకా తక్కువ. ఆవిరైన నీటికి బదులు ఉప్పునీళ్లు పోయకు. పోయేది నీరే, ఉప్పంతా ట్యాంకులోనే ఉంటుంది. మా బాహుదా మొగ నత్తలు వానకి తట్టుకుంటాయి, అవి వేరే రకం. అన్నిటికీ ఒకటే లెక్కనుకోకు.

హుమ్మా_మనవడు: ఇంకో మాస్టారు దిగాడు.

గోపాల్‌పూర్_గుల్ల: బుడగలున్నాయి! దులిపితే 1.016. అక్వేరియం వాళ్లమ్మే సముద్రపు ఉప్పు కలిపి వారంలో 1.022కి తెచ్చాను. ఐదు నత్తలు గాజు మీద పాకుతున్నాయి. రెండు కంపు కొడితే తీసేశాను. మిగతా రెండూ నత్తలే కావు, కాళ్లొచ్చాయి, గుల్లలో దూరిన పీతలు. తిండి సంగతి?

హుమ్మా_మనవడు: ఆ ఉప్పు కిలో ఎంత పడింది? ఊరికే అడుగుతున్నా.